ఓనరమ్మతో నువ్వే మాట్లాడు

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. నా స్నేహితురాలిది నగరి. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్లో ఒకే గది, తరవాత హైదరాబాదులో ఒకే ఆఫీసు. పదకొండు నెలల పని మీద జూలైలో మా ఇద్దరినీ చెన్నై పంపారు. తొరైపాక్కంలో ఒక ఇంటి పై పోర్షన్ తీసుకున్నాం. అద్దె 19 వేలు, అడ్వాన్స్ లక్ష. అందులో తను 70 వేలు పెట్టింది, నేను 30 వేలు. తనకి తమిళం బాగా వచ్చు, నాకు ఒక్క ముక్క రాదు. మొదట్లో అన్నీ తనే చూసుకునేది. ఇప్పుడు మారిపోయింది. ఏదడిగినా విసుగే. పోయిన శనివారం తలంటుకుంటుంటే నీళ్ళు ఆగిపోయాయి. కింద ఓనరమ్మకి చెప్పి మోటార్ వేయించవే అని కేకేస్తే, 'నువ్వే వెళ్ళి అడుగు' అంది. నెత్తి మీద షాంపూతో అరగంట నిలబడ్డాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. ఆదివారాలు ఆఫీసులో తమిళమ్మాయిలతో బెసంట్ నగర్ బీచ్‌కి వెళుతుంది, నన్ను రమ్మనదు. రాత్రిళ్ళు ఫోన్లో వాళ్ళతో తమిళంలో మాట్లాడుతుంది. మధ్యమధ్యలో నా పేరు, 'నేరం' అనే మాట వినబడతాయి. నేనేం నేరం చేశానమ్మా? ఒక లేడీస్ హాస్టల్ చూసుకున్నాను. ఒకటో తారీకుకి వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఇంట్లో చెబితే అమ్మకి టెన్షన్. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: తల్లీ, ముందు ఆ 'నేరం' సంగతి తేల్చేద్దాం. తమిళంలో నేరం అంటే సమయం. మనం టైము అంటామే, అదే. 'నేరం ఇల్ల' అంటే టైము లేదని. 'నేరమాచ్చు' అంటే వేళైపోయింది, ఇక ఉంటానని. రాత్రి పదిన్నరకి ఫోను పెట్టేసే ముందు ఈ ఊళ్ళో ఎవరైనా అనే మాటే. గోడకి ఇవతల పడుకుని ఆ మాట విని, నువ్వు నిద్రమాని నీ తప్పులు లెక్కపెట్టుకున్నావు. ఎన్ని రాత్రిళ్ళు అలా గడిచాయో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. పక్కగదిలోకి వెళ్ళి 'నేరం అంటే ఏమిటే?' అని అడిగితే నిమిషంలో తీరిపోయేది. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్న పిల్లని అంత చిన్న మాట కూడా అడగలేకపోయావంటే, దాని గురించే మనం మాట్లాడుకోవాలి. హాస్టల్ సంగతి తరవాత చూద్దాం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపించింది. ఆ పిల్ల బాగా అలసిపోయింది. జూలై నుంచి ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ ఒక్కతే మాట్లాడుతోంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు ఇప్పుడు చేస్తున్నదే ఒకప్పుడు నేనూ చేశాను. 1998లో కావలి నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చాను, నా స్నేహితురాలితో కలిసి. తనది పుత్తూరు. పుత్తూరు, నగరి వైపు పిల్లలకి తమిళం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పక్కనే, ఇప్పుడు తమిళనాడులో ఉన్న తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. హద్దు మారింది కానీ ఇళ్ళల్లో మాటలు అలాగే ఉండిపోయాయి. వెస్ట్ మాంబళంలో మేడమీద గది తీసుకున్నాం. పాలవాడు, గ్యాసు, ఇంటాయన, డాక్టరు, కుట్టుపని ఆవిడ, అందరితోనూ తనే మాట్లాడేది. నాకు జ్వరమొస్తే తను సెలవు పెట్టింది, డాక్టరుకి నా ఒంట్లో ఎలా ఉందో తమిళంలో చెప్పడానికి. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎనిమిదో నెలలో ఒకరోజు సాయంత్రం వచ్చి, హాస్టల్లో సీటు దొరికింది, వెళుతున్నానంది. కారణం చెప్పలేదు. నేను అడగలేదు. నా మీద ఏదో మనసులో పెట్టుకుందని చాలా ఏళ్ళు కోపంగానే ఉన్నాను.

ఆరేళ్ళ క్రితం తన కూతురి పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఇద్దరం ఒక మూల కూర్చున్నప్పుడు చెప్పింది. 'రోజంతా ఆఫీసులో తమిళం, ఇంగ్లీషు మాట్లాడి ఇంటికొస్తే, నువ్వు గుమ్మంలో చీటీ పట్టుకుని నిలబడి ఉండేదానివి. నేను చెప్పులు విప్పకముందే పాలవాడికి ఇది చెప్పు, ఇంటాయనకి అది చెప్పు అని చదివేదానివి. కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే బాగుండు అనిపించేది.' ఆ చీటీ నాకు గుర్తుంది. మర్చిపోతానని ఆఫీసు కాగితాల వెనక రాసి పెట్టుకునేదాన్ని. తనకి పని తేలిక చేస్తున్నాననే అనుకున్నాను. ఆ గుమ్మంలో నన్ను చూసినప్పుడల్లా తన గుండె బరువెక్కేదని ఇరవై ఏళ్ళ తరవాత తెలిసింది. నీకు అన్నేళ్ళు పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇవాళ రాత్రి ఒక పని చెయ్యి. కాగితం తీసుకుని, జూలై నుంచి ఆ ఇంటి కోసం తను తమిళంలో మాట్లాడిన ప్రతి సందర్భం రాయి. ఇల్లు వెతకడం. అడ్వాన్సు బేరమాడటం. వాటర్ క్యాన్ అబ్బాయి రాకపోతే ఫోను. ఇంటర్నెట్ వాడికి అడ్రసు మూడుసార్లు చెప్పడం. ఆటో అతను దారి తప్పితే నువ్వు ఫోను తన చేతికి ఇవ్వడం. చెత్త ఎక్కడ వెయ్యాలో, గేటు ఎన్నింటికి వేస్తారో ఓనరమ్మని అడగడం. నువ్వు నైటీ కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు కొలతలు చెప్పడం కూడా. కాగితం ఒక వైపు సరిపోదు, నాకు తెలుసు. ఇవన్నీ చిన్న పనులే. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు. కానీ ఎప్పుడు పిలుపొస్తుందో తెలియక ఎప్పుడూ ఒక చెవి నీ వైపు వేసి ఉంచాలి. ఫోన్లో మాట్లాడుతున్నా, పడుకున్నా, స్నానం చేస్తున్నా. ఒంటికి పని లేకపోయినా మనిషిని ఇదే పిండేస్తుంది.

ఇంకో మాట కూడా ఆలోచించు. జూలై నుంచి తను నగరి ఎన్నిసార్లు వెళ్ళింది? నీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు. నగరి రైలెక్కితే రెండు మూడు గంటల దారి. శుక్రవారం రాత్రి వెళ్ళి ఆదివారం వచ్చేయొచ్చు. నువ్వొక్కదానివే ఉండలేవని ఆగిపోయిన వారాలు ఎన్నో తననే అడుగు.

శనివారం జరిగినదాంట్లో తన తప్పు లేదని నేననను. తలంటుకుంటూ సబ్బుతో ఉన్న మనిషిని అలా వదిలెయ్యకూడదు. విసుగొస్తే ఆగస్టులోనే కూర్చోబెట్టి చెప్పాల్సింది. మనవాళ్ళలో ఇదొక జబ్బు, భరించినన్నాళ్ళు భరించి చివరికి పనికిమాలిన చోట బయటపెడతాం. కానీ నీ వైపు కూడా చూడు. నెత్తిన తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగితే ఓనరమ్మ గుమ్మం. కుళాయి చూపించి చెయ్యి తిప్పినా ఆవిడకి అర్థమయ్యేది. అయినా నువ్వు అరగంట షాంపూతో నిలబడటానికే సిద్ధపడ్డావు. ఒక తెలియని భాషంటే నీకు ఎంత భయం పట్టుకుందో ఆ అరగంటే చెబుతోంది. ఆ భయం పోగొట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళలో సగం వాటంతట అవే వదులవుతాయి.

అందుకని మొదటి పాఠం అక్కడి నుంచే. 'తణ్ణి వరల' అంటే నీళ్ళు రావట్లేదని. 'మోటార్ పోడుంగ' అంటే మోటార్ వెయ్యండి అని. ఆ చివర 'ంగ' ఉంది చూశావా, అది మన 'అండి'. వాంగ, పోంగ, సొల్లుంగ. రండి, వెళ్ళండి, చెప్పండి. దాన్ని తగిలిస్తే చాలు, మిగతా వ్యాకరణం తప్పైనా ఈ ఊళ్ళో ఎవరూ ఏమీ అనుకోరు. అది వదిలేస్తే పెద్దావిణ్ణి 'నువ్వు' అన్నట్టవుతుంది. కొత్తవాళ్ళు అక్కడే మాట పడతారు.

నీకు ఒక్క ముక్క రాదనుకుంటున్నావు కానీ సగం వచ్చే ఉంది. ఉప్పు ఉప్పే. రెండు రెండే, ఆరు ఆరే, నూరు నూరే. మూడుకి మూణు, నాలుగుకి నాలు, ఏడుకి ఏళు. కొత్తగా నేర్చుకోవాల్సినవి అంజు, ఎట్టు, ఒంబదు, పత్తు. అంటే అయిదు, ఎనిమిది, తొమ్మిది, పది. వెయ్యిని ఆయిరం అంటారు. కూరగాయల బండి దగ్గర బెండకాయ వెండక్కాయ్, మునక్కాయ మురుంగక్కాయ్, సొరకాయ సొరక్కాయ్, ఇవి చెవిన పడగానే తెలిసిపోతాయి. వంకాయని కత్తిరిక్కాయ్, దొండకాయని కోవక్కాయ్ అంటారు. పెరుగు తయిరు, మజ్జిగ మోరు. గోంగూర కోసం నేను మొదటి నెలంతా తిరిగాను. పుళిచ్చకీరై అని అడగాలట. బియ్యం కొనేటప్పుడు పచ్చరిసి అను. పుళుంగల్ అరిసి అంటే ఉప్పుడు బియ్యం, నీకు అలవాటు లేకపోతే అన్నం నోట్లోకి దిగదు.

మనల్ని తికమక పెట్టేవి పోలికలున్న మాటలే. తమిళంలో వీడు అంటే ఇల్లు. 'వీడు ఎంగ?' అని ఎవరైనా అడిగితే, మీ ఇల్లెక్కడ అని. నువ్వేమో ఎవరినో 'వీడు' అన్నారనుకుంటావు. మనం ఇల్లు అంటే వాళ్ళకి 'ఇల్ల', అంటే లేదు అన్నట్టు వినబడుతుంది. అవసరం అన్నావనుకో, వాళ్ళకి తొందర, అర్జెంటు అని అర్థమవుతుంది. నువ్వు మామూలుగా 'నాకు అవసరం' అన్నా ఎదుటివాళ్ళు కంగారు పడతారు. నీ 'నేరం' కూడా ఈ జాబితాలోదే. ఇలాంటివి చెవిన పడినప్పుడల్లా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకో. రోజుకి మూడు మాటలు చాలు. దీపావళికి ఆటో అతనితో నువ్వే మాట్లాడతావు.

తప్పులు మాట్లాడితే నవ్వుతారేమోనని భయపడకు. నవ్వుతారు, నవ్వి సరిదిద్దుతారు. సైదాపేటలో నాకు ఆకుకూరలమ్మే ఆవిడ ఎనిమిది నెలలు నా తమిళాన్ని ఓపిగ్గా దిద్దింది. ఒకరోజు పక్కనున్న కొడుకుని 'ఒరే, ఆ బుట్ట ఆడ పెట్టరా' అని కసిరింది, అచ్చ తెలుగులో. నేను గోంగూర కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ ఊళ్ళో, ఈ రాష్ట్రమంతటా తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. చదవడం, రాయడం తమిళంలోనే, అందుకని బయట తెలుగు మాట్లాడరు. నీ ఓనరమ్మ కూడా వాళ్ళలో ఒకరేమో, నువ్వు నోరు విప్పితే కదా తెలిసేది!

నీళ్ళ సంగతి కాస్త తెలుసుకుని ఉండు, తొరైపాక్కంలో ఉన్నవాళ్ళకి అది చాలా ముఖ్యం. మీ వైపు చాలా ఇళ్ళకి బోరు, లారీ నీళ్ళే ఆధారం. లారీ వచ్చి సంప్ నింపుతుంది, ఓనరమ్మ మోటార్ వేస్తే పైన ట్యాంకుకి ఎక్కుతాయి. ఏ వేళకి వేస్తుందో కనుక్కుంటే తలస్నానం ఎప్పుడు చెయ్యాలో నీకే తెలిసిపోతుంది. 2019 వేసవిలో ఇక్కడి చెరువులన్నీ ఎండిపోయి, ఐటీ ఆఫీసులు కొన్ని ఉద్యోగుల్ని ఇంటి నుంచే పని చేసుకోమన్నాయి. ఈ ఊరు తాగే నీళ్ళలో కొంత మన కండలేరు జలాశయం నుంచి కాలువ మీద ఇక్కడి పూండి జలాశయానికి వచ్చే కృష్ణ నీరు. దానికి ఒప్పందం 1983లో జరిగింది, నీళ్ళు 1996లో వచ్చాయి. మా ఇంట్లో పెద్దాళ్ళు ఆ నీళ్ళ గురించి చెప్పుకుని పొంగిపోయేవారు.

ఇక డబ్బు. ఇది నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు కానీ నాకు అక్కడే గుచ్చుకుంది. లక్షలో చెరిసగం అంటే 50 వేలు. నువ్వు ఇచ్చింది 30. ఆ 20 వేలు రెండున్నర నెలలుగా తన మీద ఉన్నాయి. తను అడగదు, నువ్వు ఎత్తవు. ఈ నెల జీతంలో పది, వచ్చే నెల పది తన అకౌంట్లో వెయ్యి. వేసి, ఒక తెల్లకాగితం మీద ఎవరు ఎంత పెట్టారో, స్టవ్వు ఎవరిది, పరుపులు ఎవరివి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు ఎలా పంచుకోవాలో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలేమిటి అనుకోకు. కాగితం ఉంటే ఆ లెక్క మనసులో మొయ్యక్కర్లేదు.

అద్దె ఒప్పందంలో నీ పేరుందా? లేకపోతే చేర్పించు. తమిళనాడులో అద్దె ఇళ్ళ మీద 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, అద్దె అధికారి దగ్గర నమోదు కావాలి. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించకూడదు. మీరిచ్చింది అయిదు నెలలకి పైమాటే, కాబట్టి ఆ కాగితంలో ఏం రాశారో ఇద్దరూ కూర్చుని చదవండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ చాలామంది ఓనర్లకి అలవాటు. దాని గురించి ఏముందో చూసుకోండి. గోడలు, కుళాయిలు, తలుపులు ఎలా ఉన్నాయో ఇప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి. మాంబళం గది ఖాళీ చేసినప్పుడు గోడకి మేకులు కొట్టానని ఇంటాయన సగం అడ్వాన్సు ఉంచేసుకున్నాడు. కాగితం లేదు, గట్టిగా అడగడానికి నాకు మాట లేదు. అడగగలిగిన మనిషి అప్పటికే వెళ్ళిపోయింది.

కరెంటు బిల్లు ఇక్కడ రెండు నెలలకొకసారి వస్తుంది. ఇళ్ళకి మొదటి వంద యూనిట్లు ఉచితం, ఆపైన వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. మీ ఇద్దరిలో ఎవరి గదిలో ఏసీ ఉంటే వాళ్ళు ఎక్కువ కట్టుకోవాలని ముందే మాట్లాడుకోండి. మే నెలలో కత్తిరి ఎండలు మొదలయ్యాక మాట్లాడుకుంటే పోట్లాట అవుతుంది.

ఆదివారాల గురించి. తను బీచ్‌కి వెళితే వెళ్ళనీ. అక్కడ తను ఎవరికీ దుబాసీ కాదు, ఆ రెండు గంటలే తనకి సెలవు. అప్పుడు నువ్వు ఇంట్లో కూర్చుని ఫోను చూసుకుంటూ కుమిలిపోకు. నువ్వూ బయలుదేరు. ముందూ వెనకా గులాబీ రంగు వేసిన ఆర్డినరీ సిటీ బస్సుల్లో 2021 మే నుంచి ఆడవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోరు. ఏ రాష్ట్రం నుంచి వచ్చావన్నది అడగరు. తిరువాన్మియూర్ దాకా బస్సు, అక్కడ లోకల్ రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో తిరుమయిలై. దిగితే మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి చూసుకుని, రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి వెళ్ళు. 1952 అక్టోబర్ 19న దీక్షకి కూర్చుని డిసెంబర్ 15న ఆయన కన్నుమూసిన ఇల్లు అది. మనకి రాష్ట్రం వచ్చింది ఆ ఇంటి నుంచే. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నా ఆ గుమ్మం ఎక్కినప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోతాయి. తెలుగు పుస్తకం కావాలనిపిస్తే ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది, 1896 నాటిది. దేశంలో అచ్చయిన పుస్తకాలు ఒక్కో ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. టీ నగర్‌లో వెంకటనారాయణ రోడ్డు మీద టీటీడీ గుడి ఉంది. లైన్లో నిలబడితే చుట్టూ తెలుగే వినబడుతుంది. ఇల్లు మరీ గుర్తొస్తే సెంట్రల్ నుంచి మధ్యాహ్నం పినాకిని ఎక్కు, రాత్రి భోజనం ఇంట్లోనే.

నువ్వు ఒంటరిగా తిరిగి వచ్చి, మైలాపూరు మాడవీధిలో ఏం చూశావో సాయంత్రం తనకి చెబితే, తను బీచ్ కబుర్లు చెబుతుంది. ఈ రెండు నెలల్లో మీ ఇద్దరికీ చెప్పుకోవడానికి మోటార్, గ్యాసు, క్యాన్ తప్ప ఏమీ మిగల్లేదు. నన్ను బాధపెట్టేది అదే.

తనతో మాట ఎలా కలపాలంటావా? 'నువ్వు మారిపోయావు' అని మాత్రం మొదలుపెట్టకు. ఆ మాట వినగానే ఎవరైనా తన మీదకి వచ్చిన నిందని కాసుకోవడానికే చూస్తారు. శనివారం గొడవ కూడా తవ్వకు. తను చేసిన పనులన్నీ రాసిన కాగితం చేత్తో పట్టుకుని, తను తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చో. 'ఇవన్నీ నువ్వే చేశావే, నేను చూసుకోలేదు' అని చెప్పు. తరవాత ఏ పనులు నీవో నువ్వే చెప్పు. నీళ్ళు, క్యాన్, గ్యాసు, ఓనరమ్మ ఇవాళ్టి నుంచి నా వంతు, నాకు మాట తెలియకపోతే అడుగుతాను కానీ మాట్లాడేది నేనే అను. అని, మర్నాడే చెయ్యాలి. ఇంటర్నెట్ వాడితో ఫోన్లో మాట్లాడటం ఇంకో నెల తనకే ఉంచు, మనిషి ఎదురుగా లేకుండా మాట్లాడటం కష్టం. 'నేరం' సంగతి కూడా చెప్పెయ్యి. ఇద్దరూ నవ్వుకోవచ్చు, ఏడవనూ వచ్చు. ఏదైనా మంచిదే.

హాస్టల్‌కి ఇప్పుడు వెళ్ళకు. అక్కడ కూడా వార్డెను, వంటావిడ, గేటు దగ్గర వాచ్‌మన్ అందరూ తమిళమే మాట్లాడతారు. ఈసారి నీకు అడగడానికి పక్క మంచం పిల్ల కూడా కొత్తదే. పైగా ఒకటో తారీకున వెళితే 19 వేల అద్దె తన ఒక్కదాని నెత్తిన పడుతుంది. సంక్రాంతి దాకా చూడు. నువ్వు చెయ్యాల్సింది చేశాక కూడా ఆ ఇంట్లో ఊపిరాడకపోతే అప్పుడు విడిపోండి, అందులో తప్పేమీ లేదు. కానీ నెల ముందు చెప్పి, తనకి ఇంకో మనిషి దొరికేదాకా నీ సగం అద్దె కట్టి, బయటికి నడువు. నాలాగా ఇరవై ఏళ్ళు కారణం తెలియకుండా ఉండే పరిస్థితి తనకి తెచ్చిపెట్టకు. అమ్మకి ఇప్పుడే ఏమీ చెప్పొద్దులే. చెబితే ఆవిడ నగరి వాళ్ళమ్మకి ఫోను చేస్తుంది, వ్యవహారం నలుగురి నోళ్ళలో పడుతుంది.

ఇంకొక్కటి, వానలు. ఇక్కడ అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకీ ఊరు ఎలా మునిగిందో ఎవరినడిగినా చెబుతారు. మీకు పళ్ళికరణై చిత్తడినేల దగ్గరే. మీది పై పోర్షన్ కాబట్టి ఇంట్లోకి నీళ్ళు రాకపోవచ్చు కానీ కరెంటు రోజుల తరబడి పోతుంది, కరెంటు లేకపోతే మోటారూ లేదు. తుపాను కబురు రాగానే బకెట్లు నింపుకోండి, నాలుగు క్యాన్లు ముందే తెప్పించుకోండి, అటుకులు, కొవ్వొత్తులు పెట్టుకోండి. 2015లో మా వీధిలో మాకు ధైర్యం చెప్పింది, పాలు తెచ్చిపెట్టింది పక్కింటివాళ్ళే. ఆ రోజుల్లో కింద ఓనరమ్మ నీకు మొహం తెలిసిన మనిషై ఉండాలి.

అందుకు మంచి అదను కూడా వస్తోంది. అమావాస్య దాటగానే నవరాత్రులు. ఇక్కడ ఇళ్ళల్లో గొలు పెడతారు, మన బొమ్మల కొలువే. ఓనరమ్మ ఇంట్లో గొలు పెడితే పేరంటానికి తప్పకుండా పిలుస్తుంది. పిలవకపోయినా వెళ్ళొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆడవాళ్ళు పాడే కీర్తనల్లో చాలావరకు తెలుగువే ఉంటాయి. ఒక చరణానికి అర్థం చెప్పమని నిన్నే అడుగుతారు చూడు. డజను అరటిపళ్ళు, ఒక మూర మల్లెపూలు తీసుకుని, తనని కూడా వెంటబెట్టుకుని మెట్లు దిగు. తాంబూలం, దొన్నెలో శనగల సుండల్ ఇస్తారు. తను నీ తరఫున మాట్లాడబోతే చెయ్యి నొక్కి ఆపు. మెట్లమెట్లుగా పేర్చిన బొమ్మలు చూసి, ఓనరమ్మ వైపు తిరిగి 'గొలు రొంబ నల్లా ఇరుక్కు' అని నువ్వే అను. రొంబ అంటే చాలా. నల్లా అంటే బాగా అని, రంగు అనుకునేవు.